కొండ లోపల ఏమున్నది? వీడియో ఆటలలో ఘనకణముల భూమి

కొండను చిత్రించుట వేరు, కొండను కట్టుట వేరు. చిత్రకారునికి కొండ వెలుపలి రూపము తెలిసిన చాలును. దాని గర్భములో నల్లరాయి ఉన్నదో, ఎఱ్ఱమన్ను ఉన్నదో, గుహ ఉన్నదో అతడు విచారింప నక్కరలేదు. వీడియో ఆటలను రూపొందించువారు కూడ చాలకాలము ఈ చిత్రకారుని దారినే నడచిరి. వారు కంప్యూటరు తెరపై చూపిన కొండలు త్రిభుజములను అంచునకు అంచు చేర్చి కుట్టిన గుడారముల వంటివి. దూరమునుండి చూచునపుడు లోపము కనిపించదు. ఆట ఆడువాడు గునపము చేతబట్టి ఆ కొండను త్రవ్వదలచినపుడే చిక్కు బయటపడును. గుడారపు గుడ్డ క్రింద ఏమియు లేదు.

ఈ వెలితిని తీర్చుటకు వచ్చినదే వాక్సెల్ పద్ధతి. కంప్యూటరు తెరపై కనిపించు ప్రతి బొమ్మయు చిన్న చిన్న రంగు చుక్కలతో ఏర్పడునని విద్యార్థు లెరుగుదురు. ఆ చుక్కకు పిక్సెల్ అని పేరు. చిత్రమును నిలువుగను అడ్డముగను గళ్లు చేసినపుడు వచ్చు ఒక్క గడియే పిక్సెల్. అదే విధముగ పొడవు, వెడల్పు, ఎత్తు గల స్థలమును మూడు దిక్కులందును కోసినచో పంచదార బిళ్లల వంటి చిన్న ఘనములు లభించును. అట్టి ఒక్కొక్క ఘనము వాక్సెల్. ఇంగ్లీషులో ఘనపరిమాణమును తెలుపు వాల్యూమ్ అను మాటను, మూలాంశమను అర్థము గల ఎలిమెంట్ అను మాటను కుదించి ఈ పేరు కల్పించిరి. తెలుగులో దీనిని ఘనకణ మనవచ్చును. ప్రతి ఘనకణమునకు ఒక సంఖ్య ఉండును. ఇచ్చట రాయి ఉన్నదనియో, నీరు ఉన్నదనియో, ఏమియు లేక గాలి మాత్రమే ఉన్నదనియో ఆ సంఖ్య చెప్పును. కొండ యనగా అట్టి సంఖ్యల రాశి.

ఆటలలోనికి రాకముందే ఈ ఊహ ఆస్పత్రులలో ఎంతయో మేలు చేసినది. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. స్కానింగు యంత్రముతో మొదటిసారిగా ఒక రోగి తలను పరీక్షించిరి. ఆనాటి చిత్రములో 80 నిలువు గళ్లు, 80 అడ్డు గళ్లు, మొత్తము 6,400 గళ్లు మాత్రమే ఉండెను. చిత్రము కాగితమువలె చదునుగ కనిపించినను ప్రతి గడియు నిజమునకు తలలోని ఒక చిన్న ఘనభాగమును సూచించును. ఏలయన కోసి చూచిన పొరకు కొంత మందము కలదు. ఆ గడిలోని సంఖ్య ఆ భాగము ఎక్స్‌కిరణములను ఎంత అడ్డగించినదో తెలుపును. నేడు వాడుకలో నున్న హౌన్స్‌ఫీల్డ్ కొలమానములో నీటి విలువ 0, గాలి విలువ −1000. ఎముకకు కొన్ని వందల ధనసంఖ్య వచ్చును. ఈ కృషికి హౌన్స్‌ఫీల్డ్, అలన్ కార్మాక్ అను ఇరువురకు 1979లో నోబెల్ బహుమతి లభించెను. గాలికి ఋణసంఖ్య, గట్టి పదార్థమునకు ధనసంఖ్య అను ఈ ఏర్పాటును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. కొండల గుహలలో ఇది మరల ఎదురగును.

ఊహ ఇంత తేలికగ నున్నపుడు ఆటలవారు దానిని మొదటినుండియు ఏల అవలంబింపలేదు? అంకగణితము ఒప్పుకొనలేదు. ఘనకణముల పద్ధతికి శత్రువు ఘనమే. ఒక కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు గల ప్రదేశమును మీటరు ఘనములుగ కోసినచో 100 కోట్ల కణములగును. మీటరు ఘనమనగా నిలువెత్తు పెట్టె యంత. గులకరాయి దానిలో కనిపించదు. కణపు భుజమును సగము చేసినచో కణముల సంఖ్య ఎనిమిది రెట్లగును. భుజమును 10 సెంటీమీటర్లకు తగ్గించినచో లక్ష కోట్లగును. కణమునకు ఒక్క బైటు చొప్పున లెక్కించినను అది 1,000 గిగాబైట్లు. నేటి గృహ కంప్యూటరు కూడ అంత భారమును తన మెమరీలో మోయలేదు.

కమాంచీ ఆటలోని యుక్తి

1992లో అమెరికాలోని నోవాలాజిక్ అను సంస్థ ‘కమాంచీ: మాక్సిమమ్ ఓవర్‌కిల్’ అను హెలికాప్టరు ఆటను వెలువరించెను. అంతకుముందు విమానపు ఆటలలో నేల యనగా పచ్చని పలక. కొండ యనగా దానిపై నిలిపిన నాలుగు త్రిభుజముల గోపురము. కమాంచీలో మాత్రము లోయలు, గట్లు, నదీ తీరములు, మంచు శిఖరములు నిజమైన నేల మిట్టపల్లములతో కనిపించెను. చూచినవారు విస్మితులైరి. ఈ ఆటను నడపిన పద్ధతికి సంస్థవారు ‘వాక్సెల్ స్పేస్’ అని పేరు పెట్టిరి.

పేరు అట్లున్నను, ఆ భూమిలో నిజమైన ఘనకణములు లేవు. నిర్మాతలు పైనుండి చూచినట్లు భూమిపై 1,024 నిలువు గళ్లు, 1,024 అడ్డు గళ్లు గీచి, ప్రతి గడిలోను ఆ చోటి ఎత్తును మాత్రము వ్రాసిరి. ఎత్తు 0 నుండి 255 వరకు ఏదో ఒక సంఖ్య; దానికి ఒక బైటు చాలును. అట్టిదే మరియొక పటములో ఆ చోటి రంగును వ్రాసిరి, ఇంకొక బైటు. గళ్లు 10,48,576. రెండు పటములకు కలిపి 20,97,152 బైట్లు, అనగా సరిగా 2 మెగాబైట్లు. ఇదే భూమిని 256 అంతరువుల నిజమైన ఘనకణములుగ వ్రాసినచో 26,84,35,456 కణములు, అనగా కణమునకు ఒక బైటు చొప్పున 256 మెగాబైట్లు కావలెను. ఆ కాలమున గృహములలోని కంప్యూటర్లకు సాధారణముగ 4 మెగాబైట్ల మెమరీ ఉండెడిది. ఎత్తుల పటము పట్టును. ఘనకణముల రాశి పట్టదు.

ఎత్తుల పటము భూగోళ ఉపాధ్యాయులకు క్రొత్తది కాదు. కాంటూరు రేఖల పటము చెప్పు విషయమునే ఇది గళ్లలో అంకెలుగ చెప్పును. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్షనౌక రాడారుతో భూతలమును కొలిచి తెచ్చినదియు, 2005 మే 5వ తేదీన శ్రీహరికోటనుండి ఎగిరిన కార్టోశాట్-1 తన రెండు కెమేరాలతో తీసిన చిత్రములనుండి తయారైనదియు ఇట్టి ఎత్తుల పటములే.

పటమునుండి దృశ్యము ఎట్లు వచ్చునో చూతము. దీనికి కావలసిన గణితము ఉన్నత పాఠశాలలో నేర్పు సరూప త్రిభుజములకు మించినది కాదు. కమాంచీ తెర 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు గలది. తెరను 320 నిలువు గీతలుగ భావింపవలెను. ఒక్కొక్క గీతకు కంటినుండి ఒక దిక్కున పటముపై తిన్నగ నడచుచు పోవలెను. అడుగడుగునకు ఆ గడిలోని ఎత్తును చదివి, అది తెరపై ఎంత ఎత్తున కనిపించునో లెక్కింపవలెను. వస్తువు దూరమైన కొలది దాని ఎత్తు దూరమునకు విలోమానుపాతముగ చిన్నదగును గదా! ఉదాహరణకు కన్ను 100 ఎత్తున ఉన్నదనియు, దిగంతము తెర అడుగునుండి 100వ వరుసలో ఉన్నదనియు అనుకొనుడు. నేల ఎత్తునుండి కంటి ఎత్తును తీసివేసి, 200 చేత గుణించి, దూరము చేత భాగించి, వచ్చినదానిని 100కు కూడినచో తెరపై వరుస లభించును. ఇచ్చట 200 అనునది తెరకు తగినట్లు ఎన్నుకొన్న గుణకము.

మొదటి అడుగు: దూరము 50, నేల ఎత్తు 80. కంటికంటె 20 తక్కువ. లెక్క 100 − 80 = 20. కావున తెర అడుగునుండి 20వ వరుస వరకు ఆ నేల రంగును పూయవలెను. రెండవ అడుగు: దూరము 100, ఎత్తు 90. లెక్క 100 − 20 = 80. ఇప్పుడు 20 నుండి 80 వరకు రంగు. మూడవ అడుగు: దూరము 200, ఎత్తు 70. లెక్క 100 − 30 = 70. కాని 80 వరకు రంగు ముందే పడినది. అనగా ఈ పల్లము ముందున్న గట్టు వెనుక దాగినది. దీనిని విడిచి ముందుకు సాగవలెను. నాల్గవ అడుగు: దూరము 400, ఎత్తు 140. లెక్క 100 + 20 = 120. కావున 80 నుండి 120 వరకు దూరపు కొండ రంగు. మిగిలినది ఆకాశము.

ఇందు మెచ్చదగినది మూడవ అడుగు. ఏది దేనిని మరుగుపరచునో తెలిసికొనుట చిత్రణములో పెద్ద సమస్య. ఇచ్చట అది ఒకే ఒక్క సంఖ్యను జ్ఞాపకముంచుకొనుటతో తీరిపోయినది: ఇంతవరకు రంగు పడిన మీది వరుస ఏది? దగ్గరనుండి దూరమునకు పోవుట వలన ఒకసారి పడిన రంగుపై మరల రంగు వేయవలసిన పని లేదు. దూరమున అడుగులను పెద్దవి చేసినచో శ్రమ ఇంకను తగ్గును. అంత దూరములో సూక్ష్మములు కంటికి ఆనవు. ఉపాధ్యాయులు నల్లబల్లపై పది ఎత్తులను వ్రాసి, ఒక్క నిలువు గీతను విద్యార్థులచేతనే పూర్తి చేయింపవచ్చును. అర్ధగంట పట్టదు.

ఐనను ఈ యుక్తిలోనే దాని హద్దు కూడ ఉన్నది. ఒక చోటికి ఒకే ఎత్తు. తిరుమల కొండపై నున్న శిలాతోరణమును ఇట్టి పటములో వ్రాయుట ఎట్లు? తోరణము క్రింద నేల ఉన్నది, నేలపైన గాలి, గాలిపైన రాయి, రాయిపైన మరల గాలి. ఒకే గడికి మూడు ఎత్తులు కావలెను. చోటు ఒక్కదానికే ఉన్నది. గుహయు అంతే, ముందుకు చొచ్చుకొని వచ్చిన బండయు అంతే. త్రవ్వినచో గొయ్యి మాత్రమే ఏర్పడును, సొరంగము ఏర్పడదు. ‘వాక్సెల్’ అను పేరు ఇచ్చట ఎరువు తెచ్చుకొన్నదని చెప్పక తప్పదు. భూమిని కోయలేదు, భూమిపై దుప్పటి కప్పిరి. దుప్పటి మాత్రము మిక్కిలి చక్కనిది.

ఇదే త్రోవలో నోవాలాజిక్ వారి ‘డెల్టా ఫోర్స్’ 1998లోను, బెల్జియము దేశపు ‘అవుట్‌కాస్ట్’ 1999లోను వచ్చినవి. అప్పటికి గాలి మారినది. త్రిభుజములను అతివేగముగ గీయు ప్రత్యేక గ్రాఫిక్సు కార్డులు గృహములలోనికి ప్రవేశించినవి. నిలువు గీతలను పూయు పనిని ఆ కార్డులు చేయలేవు. దానిని కంప్యూటరు ప్రధాన ప్రాసెసరే మోయవలెను. ఎత్తుల పటము నిలిచినది గాని, దానిని త్రిభుజములుగ మార్చి కార్డునకు అప్పగించుట ఆచారమైనది. నేటికిని పెద్ద పెద్ద ఆటలలో విశాలమైన మైదానములు, కొండలు పెక్కు ఇట్టివే. గుహ కావలసిన చోట దుప్పటికి చిల్లు చేసి, విడిగా తయారుచేసిన గుహ బొమ్మను అందులో అమర్తురు.

నేలకు లోతు వచ్చుట

నిజమైన ఘనకణముల భూమిని లోకమంతయు చూచినది ‘మైన్‌క్రాఫ్ట్’ ఆటతో. స్వీడన్ దేశీయుడు మార్కస్ పెర్సన్ 2009లో దీనిని ప్రజల ముందుంచెను. సంపూర్ణ రూపము 2011 నవంబరు 18న వెలువడినది. ఇందు ప్రతి కణమును ఒక మీటరు ఘనము. ఆటగాడు ఏ కణమునైనను పెరికి మరియొక చోట పెట్టవచ్చును. గులకరాయి కనిపింపకపోయిన పోనిమ్ము, కొండకు లోపలి భాగమున్నచో చాలునని ఈ ఆట తీర్మానించుకొన్నది. మొరటుతనమును దాచక దానినే అందముగ చేసికొన్నది.

కాని ఇన్ని కణములలో రాయి ఎచ్చట, గాలి ఎచ్చట అని వ్రాయువారెవరు? మనుష్యుడు వ్రాయలేడు. ఇచ్చట ఉపకరించినది అమెరికా శాస్త్రజ్ఞుడు కెన్ పెర్లిన్ 1983లో కనిపెట్టిన ‘పెర్లిన్ నాయిజ్’. 1982లో వచ్చిన ‘ట్రాన్’ అను చలనచిత్రమునకు పనిచేసిన పెర్లిన్, కంప్యూటరు బొమ్మలు యంత్రములవలె మరీ నున్నగ నుండుట సహింపలేక దీనిని రూపొందించెను. ఈ సాధనకు 1997లో ఆయనకు అకాడమీ సాంకేతిక పురస్కారము లభించెను. ఇది ప్రతి బిందువునకు ఒక సంఖ్యను ఇచ్చు సూత్రము. సంఖ్యలు క్రమము లేనట్లు కనిపించును. కాని ప్రక్క ప్రక్క బిందువులకు విలువలు దగ్గర దగ్గరగ నుండి మెల్లగ మారును. పాచికలు వేసినట్లు ఎగిరిపడవు. పెద్ద అలలపై సగము పరిమాణము గల చిన్న అలలను, వానిపై ఇంకను చిన్న అలలను కూడుకొనుచు పోయినచో పర్వతపు పెద్ద రూపమును, దానిపై గుట్టలును, గుట్టలపై గరుకును ఒక్కసారిగ వచ్చును.

పెర్సన్ మొదట ఎత్తుల పటమునే ప్రయత్నించి, తరువాత మూడు దిక్కుల నాయిజ్‌కు మారెను. భేద మేమనగా ఇప్పుడు సూత్రము ఎత్తును చెప్పదు, సాంద్రతను చెప్పును. సగటు నేలమట్టమునుండి బిందువు ఎత్తును తీసివేసి, నాయిజ్ విలువను కూడవలెను. ధనసంఖ్య వచ్చిన రాయి. ఋణసంఖ్య వచ్చిన గాలి. హౌన్స్‌ఫీల్డ్ యంత్రము తలలో చదివిన సంఖ్యలవంటివే ఇవియు. అచ్చట ఉన్నదానిని కొలిచిరి, ఇచ్చట లేనిదానిని కల్పించుచున్నారు. నేలమట్టము 60 అనుకొనుడు. 65 ఎత్తున ఒక బిందువు: 60 − 65 = −5; అచ్చటి నాయిజ్ −8; మొత్తము −13. గాలి. సరిగా దానిపైన 70 ఎత్తున మరియొక బిందువు: −10, అచ్చటి నాయిజ్ +15, మొత్తము +5. రాయి! గాలిపైన రాయి నిలిచినది. తోరణము, గుహ, వ్రేలాడు బండ, ఎవరును గీయకయే తమంతట తామే పుట్టినవి. ఎత్తుల పటము ఎన్నటికిని చేయలేని పని ఇది.

పుట్టించుట తీరినది, చూపుట మిగిలినది. 16 కణముల భుజము గల గట్టి రాతిముక్కను తీసికొనుడు. అందు 4,096 కణములు. కణమునకు ఆరు ముఖముల చొప్పున 24,576 ముఖములు. కాని లోపలి ముఖములు ఒకదాని నొకటి అంటుకొని ఉన్నవి; ఎవరికిని కనిపింపవు. రాయికి గాలికి మధ్య నున్న ముఖములే కనిపించును. అవి ఆరు ప్రక్కల ఒక్కొక్కటి 256, మొత్తము 1,536. సరిగా పదునారవ వంతు. వీనిని మాత్రమే రెండేసి త్రిభుజములుగ కోసి గ్రాఫిక్సు కార్డునకు పంపుదురు. వ్రాసికొనునది ఘనకణములు, గీయునది త్రిభుజములు. రాతిని పగులగొట్టినపుడు ఆ చిన్న ముక్కకు మాత్రము ముఖములను మరల లెక్కించిన చాలును. మెమరీని కూడ ఇట్లే పొదుపు చేయుదురు. ఒక ముక్కలో పదునారు రకములకు మించి పదార్థములు లేనిచో కణమునకు పూర్తి బైటు అనవసరము. అర బైటు చాలును. 4,096 కణములు 2,048 బైట్లలో ఇమిడిపోవును.

మరియొక పొదుపు ‘ఆక్ట్రీ’. దీనిని అష్టశాఖా వృక్షమనవచ్చును. డొనాల్డ్ మీఘర్ అను ఇంజనీరు 1980లో అమెరికాలోని రెన్సెలర్ పాలిటెక్నిక్ సంస్థలో దీనిని వివరించెను. పెద్ద ఘనమును ఎనిమిది సమాన ఘనములుగ కోయుదురు. ఏ ముక్క అంతయు రాయియో, అంతయు గాలియో అయినచో ఆ ఒక్క మాట వ్రాసి దానిని ఇక విడిచిపెట్టుదురు. రెండును కలిసియున్న ముక్కను మాత్రమే మరల ఎనిమిదిగ కోయుదురు. కోత అంతయు రాయికి గాలికి నడుమనున్న ఎల్లవద్దనే జరుగును. విశాలమైన ఆకాశమునకు, కొండ గర్భమునకు నాలుగు మాటలు సరిపోవును. ఫలితమేమనగా, కణపు భుజమును సగము చేసినపుడు భారము ఎనిమిది రెట్లు గాక, ఉపరితలము పెరిగినట్లు సుమారు నాలుగు రెట్లే పెరుగును. ఘనము వర్గముగ దిగివచ్చినది. శత్రువు చావలేదు గాని, ఒక మెట్టు దిగినది.

పెట్టెలనుండి నున్నని కొండలకు

మెట్లు మెట్లుగ నున్న కొండ కొందరికి రుచింపదు. వారికి మరల ఆస్పత్రియే సహాయపడినది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలోని విలియం లోరెన్సెన్, హార్వీ క్లైన్ అను వారు 1987లో స్కానింగు సంఖ్యలనుండి ఎముకల నున్నని ఉపరితలమును తీయుటకు ‘మార్చింగ్ క్యూబ్స్’ అను పద్ధతిని ప్రకటించిరి. ఎనిమిది పొరుగు బిందువులను శీర్షములుగ గల ఒక ఘనమును తీసికొని, ఏ శీర్షములు లోపల, ఏవి వెలుపల ఉన్నవో చూతురు. ఒక్కొక్క శీర్షమునకు రెండు అవకాశములు. కావున 256 విధములు. త్రిప్పియు, తారుమారు చేసియు చూచినచో అవి 15కు తగ్గును. ఈ పదునైదింటికి త్రిభుజములను ముందే గీచి పట్టికగ ఉంచుకొందురు. ఉపరితలము అంచును ఎచ్చట ఖండించునో అంతర్వేశనముతో తేలును: ఒక కొన సాంద్రత +3, రెండవ కొన −1 అయినచో, మొదటి కొననుండి అంచులో నాల్గింట మూడవ వంతు దూరమున సున్న వచ్చును. అచ్చటనే నేల. ఉన్నది లేదు అని మాత్రము వ్రాసిన పెట్టె కొండకు, ఎంత ఉన్నదో వ్రాసిన నున్నని కొండకు భేదమంతయు ఇదే.

గ్రాఫు కాగితముపై ఘనమునకు బదులు చతురస్రముతో దీనిని చేసి చూడవచ్చును. గళ్ల మూలలలో ధన, ఋణ సంఖ్యలు వ్రాసి సున్న ఎచ్చట పడునో గుర్తించి కలిపినచో కాంటూరు రేఖ వచ్చును. నాలుగు మూలలు గనుక విధములు 16 మాత్రమే. వాలుగ ఎదురెదురు మూలలు రెండు ధనమై తక్కిన రెండును ఋణమైనపుడు రేఖను రెండు రీతుల గీయవచ్చునని చురుకైన విద్యార్థి పట్టుకొనును. ఘనములలోను ఈ సందేహమే వచ్చి, లోరెన్సెన్, క్లైన్‌ల పట్టిక ప్రకారము గీచినపుడు ఒక్కొక్కచో ఉపరితలమునకు చిల్లులు పడెడివి. తరువాతివారు పట్టికను సవరింపవలసి వచ్చెను.

రాయి కణము తన బరువును ఎరుగదు. మైన్‌క్రాఫ్ట్‌లో చెట్టు మొదలును నరికినను కొమ్మలు గాలిలో నిలిచియే ఉండును. ఇసుక, కంకర వంటి కొన్ని కణములు మాత్రము రాలిపడును. వానికి ఆ నియమము ప్రత్యేకముగ చెప్పబడినది. తక్కినవానికి కూడ చెప్పవలెనన్నచో, ఒక్క కణమును తీసిన ప్రతిసారియు పైనున్నదంతయు నేలతో ఇంకను కలిసియున్నదా యని కణము వెంట కణము తడవి చూడవలెను. కొండ పెద్దదైన కొలది ఆ తడవుట పెరుగును. ప్రకృతిలో వంగిన బండను గురుత్వాకర్షణము ఏ లెక్కయు లేక పడవేయును. కంప్యూటరులో పడుటకు కూడ లెక్క కావలెను.

ఇంగ్లండులోని హలో గేమ్స్ అను చిన్న సంస్థ 2016లో వెలువరించిన ‘నో మాన్స్ స్కై’ ఆటలో ఈ పద్ధతులు చాలవరకు ఒకచోట చేరినవి. అందలి గ్రహముల సంఖ్య రెండును అరువదినాలుగు సార్లు గుణించిన ఫలితము: 1,84,46,74,40,73,70,95,51,616. చదరంగపు బల్లపై గింజలను రెట్టింపు చేయుచు పోయిన కథ వినినవారు ఈ సంఖ్యను గుర్తింతురు. ఆ గింజల మొత్తము దీనికంటె ఒక్కటి తక్కువ. ఇన్ని గ్రహములు ఏ డిస్కులోను వ్రాసిలేవు. ప్రతి గ్రహమునకు ఒక బీజసంఖ్య ఉండును. ఆటగాడు దిగినపుడు ఆ బీజమునుండి సూత్రములు అతని చుట్టునున్న నేల సాంద్రతను లెక్కించి, కొండలను, గుహలను నిలుపును. అతడు వెడలినంతనే అవి చెరిగిపోవును. మరల వచ్చినచో అదే బీజము, అదే లెక్క, కావున అదే కొండ. కణములను భద్రపరచు భారము ఇట్లు తప్పినది.

ఆటగాడు స్వయముగ త్రవ్విన గోతులు మాత్రము సూత్రమునకు తెలియవు. వానిని వేరుగ వ్రాసి ఉంచవలెను. ఆ జాబితాకు ఆట ఒక హద్దు పెట్టినది. హద్దు దాటునట్లు త్రవ్వుచు పోయినచో క్రొత్త గోతికి చోటిచ్చుటకు పాత గోతి జాబితానుండి తొలగును. మరల ఆ చోటికి పోయి చూచువానికి సొరంగము పూడిపోయి, బీజసంఖ్య చెప్పినట్లు మొదటి కొండయే కనిపించును.